చక్రానికి ఆనించిన రాడ్డు

అబూదాబీ పక్కన ముసఫ్ఫాలో, మా కంపెనీ యార్డులో పొద్దున బండి తాళం చేతికి రావాలంటే ముందు ఆ బండి చుట్టూ తిరగాలి. డ్రైవర్ తలుపు దగ్గర మొదలుపెట్టి ముందు వైపుగా కుడి పక్కకు, అక్కడి నుంచి వెనక తలుపులకు, మళ్లీ మొదటికి. లైట్లు, అద్దాలు, టైర్లు, నట్లు, ఇంజన్ ఆయిలు, నీళ్లు, బ్రేకు పైపులు, వెనక తలుపు గడియ, గడియలో పిన్ను. గుడిలో ప్రదక్షిణం ఏ వైపు చేస్తామో అదీ ఆ వైపే. ఆ ఉద్యోగంలో మొదటి రోజు నాకు నచ్చింది అదొక్కటే.

మిగతాదంతా సిగ్గు. ఎందుకంటే ఆ యార్డులో ఫోర్మన్ నా అల్లుడు.

అల్లుని కింద పనికి పోవడమేమిటని మీరు అడగకముందే నా భార్య అడిగింది. జగిత్యాల దగ్గర రైసుమిల్లులో నేను చాలా ఏళ్లు లారీ నడిపాను. బియ్యం బస్తాలు ఎత్తుకొని బొంబాయి దాకా పోయి వచ్చేవాణ్ని. మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చొని ప్రతివాడి మీదా విసుక్కోవడం తప్ప నాకు వేరే పని లేకుండా పోయింది. అప్పుడు దుబాయ్ నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. మాకు అబూదాబీ అయినా దుబాయే, షార్జా అయినా దుబాయే.

"అల్లుని కింద పని జేస్తవా? బిడ్డనిచ్చినోని ముంగట చేతులు కట్టుకోని నిలవడుతవా?" అంది నా భార్య.

"అల్లుని కింద గాదే, కంపిని కింద" అన్నాను. ఆ మాట నాకే అతకలేదు.

మా దగ్గర అల్లుడంటే మాటల్లో పెద్ద మర్యాదలేమీ ఉండవు. నువ్వు అంటే నువ్వు అనే అనుకుంటాం. మర్యాద అంతా లేచి నిలబడటంలో ఉంటుంది. అల్లుడు వాకిట్లోకి వస్తే మామ మంచం మీది నుంచి లేస్తాడు. అల్లుడు ఒక మాట అన్నాక దాని మీద ఇంకో మాట అనడు. పెళ్లినాడు ఇత్తడి పళ్లెంలో ఆ పిల్లాడి కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్న మనిషి, అతని మాటను మళ్లీ తూకం వేసి చూడకూడదు. అతనూ అంతే. మామ చేసిన పనిని అల్లుడు వేలెత్తి చూపడు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడకుండా, ఒకరినొకరు తక్కువ చేయకుండా బతికితే ఆ ఇంట్లో ఆడపిల్ల సుఖంగా ఉంటుందని మా లెక్క.

అక్కడ నాకు హెవీ లైసెన్సు రావడానికే తల ప్రాణం తోకకు వచ్చింది. రోడ్డుకు కుడి పక్కన పోవాలి, స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. మొదటి టెస్టు రోజు అలవాటు కొద్దీ కుడి తలుపు తీసి దర్జాగా ఎక్కి కూర్చొని స్టీరింగు కోసం వెతుక్కున్నాను. పరీక్ష పెట్టే ఆయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఆ నవ్వు నాకింకా వినబడుతూనే ఉంటుంది. చివరికి లైసెన్సు వచ్చింది. ఆ వయసులో వచ్చినందుకు సంతోషించాలో, ఇన్నేళ్లు నడిపినవాడికి మళ్లీ పరీక్ష పెట్టినందుకు కోపగించుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

మా కంపెనీది పెద్ద వంటశాల. లేబర్ క్యాంపులకు అన్నం వండి పంపేది. నాకిచ్చింది మరీ పెద్దదీ చిన్నదీ కాని జపాను బండి. వెనక డబ్బా, దానికి రెండు తలుపులు, వాటికి అడ్డంగా ఇనుప గడియ. అందులో అన్నం, పప్పు, కూర నింపిన గుండీలు, అంటే పెద్ద పెద్ద వంట గిన్నెలు, పెట్టుకొని పొద్దు నెత్తికి రాకముందే బనియాస్ వైపు క్యాంపులకు చేర్చాలి. బండి ఆగితే అక్కడ వందలమంది పళ్లేలు పట్టుకొని ఎండలో నిలబడతారు. వాళ్లలో సగం మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లే.

నన్ను తెచ్చుకోవడానికి అల్లుడు ముదీర్ ముందు పూచీ పడ్డాడు. ముదీర్ అంటే మా మేనేజరు. వయసు మీరినవాడు ఎందుకని ఆయన అంటే, "ఆయన దగ్గర తప్పు జరిగితే నన్నడగండి" అన్నాడట. ఈ సంగతి నాకు అల్లుడు చెప్పలేదు, వంటవాళ్లు చెప్పారు. ఆ రోజు నుంచి నాకు తెలుసు, నా చేతిలో ఉన్నది బండి తాళం కాదు, అల్లుని ఉద్యోగం.

యార్డులోకి అడుగు పెట్టేముందు అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు.

"మామా, అందరి ముంగట నిన్ను డ్రైవర్ అంటా. మనసుల వెట్టుకోకు."

"నేను నిన్ను ఫోర్మన్ సాబ్ అంటా. నువ్వు గూడ వెట్టుకోకు" అన్నాను.

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు యార్డు గేటు దాటే దాకా కూడా నిలవలేదు.

కొత్త డ్రైవర్ బండిని సరిగా చూస్తున్నాడా లేదా అని మొదటి రోజుల్లో ఫోర్మన్ పక్కనే నిలబడి చూడాలని రూలు. నేను క్యాబిన్ ముందుకు వంచి ఆయిలు చూశాను, బెల్టు లాగి చూశాను. రాడ్డు తీసుకొని టైర్లు ఒక్కొక్కటీ కొట్టాను. గాలి సరిగా ఉన్న టైరు గట్టిగా పలుకుతుంది, తగ్గినది చచ్చుగా పలుకుతుంది. అంతవరకు నా దర్జా నాకుంది. తర్వాత అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"కిందికి దూరి సూడాలె… ఆయిల్ కారుతుందా, పైపులు ఎట్లున్నయని" అన్నాడు, మొహం ఎటో పెట్టుకొని.

మన దగ్గర బండి కిందికి దూరేది క్లీనర్. నేను స్టీరింగు పట్టిన నాటి నుంచి నేల మీద వీపు ఆనించలేదు. ఇక్కడ క్లీనర్ లేడు, నేనే నాకు క్లీనర్ని. అట్టముక్క ఒకటి పరుచుకొని వెల్లకిలా పడుకొని లోపలికి జరిగాను. తల తిప్పితే నా చెవి పక్కనే అల్లుని బూట్లు. ఆ బూట్ల లోపల ఉన్న కాళ్లు నాకు తెలుసు. పసుపు పెట్టి, పళ్లెంలో పెట్టుకొని కడిగిన కాళ్లు. ఇప్పుడు అవి నిలబడి ఉన్నాయి, నేను మట్టిలో పడుకొని ఉన్నాను. సిగ్గుతో నా చెంపలు మండాయి. పైపులు చూశానో లేదో నాకే తెలియదు. కాసేపటికి ఆ బూట్లు మెల్లగా వెనక్కు జరిగి, ఇంకాస్త జరిగి, పక్క బండి చాటుకు పోయాయి. అతనూ సిగ్గుపడ్డాడు. అది నాకింకా బాధ అయింది.

మర్నాడు నేను పోయేసరికి అల్లుడు నా బండి దగ్గర చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. రాడ్డు ముందు చక్రానికి ఆనించి ఉంది. ఫోర్మన్‌కు మాత్రమే ఇచ్చే అతని పచ్చ జాకెట్టు వీపంతా దుమ్ము, ఒక చోట నూనె మరక.

"సూసిన మామా. బండి మంచిగుంది. పోనియ్యి" అన్నాడు.

అంటే ఆ పిల్లాడు నా కోసం బండి కింద పడుకున్నాడు. ఫోర్మన్ అయివుండి, అల్లుడయివుండి. అతను చూశాను అన్నాక నేను మళ్లీ రాడ్డు తీసుకొని తిరిగితే ఏమవుతుంది? నలుగురు డ్రైవర్ల ముందు, అల్లుని మాట మీద నాకు నమ్మకం లేదని చాటినట్టు అవుతుంది. ఎక్కి పోయాను.

ఆ మర్నాడు నేను ఇంకా ముందు వచ్చాను. అతను రాకముందే కిందికి దూరి, చూసి, లేచి, రాడ్డును అతను పెట్టినట్టే ముందు చక్రానికి ఆనించాను. అల్లుడు వచ్చి రాడ్డును చూశాడు, నా వీపు చూశాడు, పక్క బండి దగ్గరికి పోయాడు. మామ చూసిన బండిని అతను మళ్లీ చూడలేదు. రూలు ప్రకారం చూడాలి. చూడలేదు.

అట్లా మొదలైంది మా పోటీ. ఎవరు ముందు వస్తే వాళ్లు బండి కింద పడుకునేవాళ్లు. పడుకున్నవాళ్లు రాడ్డు చక్రానికి ఆనించేవాళ్లు. వెనక వచ్చినవాళ్లు రాడ్డును చూసి తల దించుకొని పక్కకు తప్పుకునేవాళ్లు. ఒక్కనాడూ నోరు విప్పి "సూసినవా" అని అడగలేదు. అడగడమంటే అనుమానించడమే కదా. ముదీర్‌కు ఈ సంగతి తెలిస్తే ఇద్దరినీ పిచ్చాసుపత్రికి పంపేవాడు. బొంబాయి ఘాట్ రోడ్డు మీద బ్రేకు ఫెయిలైన బండిని నిలబెట్టినవాణ్ని నేను, అల్లుని ముందు లారీ కింద పడుకోవడం కంటే దాన్ని చూడకుండా నడపడం మేలనుకునే స్థితికి వచ్చాను. నా బుద్ధి మీద నాకే అసహ్యం వేసేది. మర్నాడు మళ్లీ అదే పని.

నా భార్యకు ఫోన్లో ఇవేవీ చెప్పలేదు. "అల్లుడు మంచిగ సూసుకుంటుండా?" అని అడిగేది. "నన్ను బండి ముట్టనిస్తలేడు" అనేవాణ్ని. ఆమె మురిసిపోయేది.

ఒకనాడు సాయంత్రం ఖాళీ గుండీలతో తిరిగి వచ్చాక వెనక తలుపు తెరుచుకోలేదు. గడియలోని పిన్ను బిగుసుకుపోయింది. గుండీలు కడిగేవాళ్లు నిలబడి ఉన్నారు, నాకు విసుగు వచ్చింది. ముందూ వెనకా చూడకుండా రాడ్డు తీసుకొని పిన్ను మీద ఒక్కటేశాను. ఊడింది. కానీ మధ్యలో వంగింది. వంగిన పిన్ను గడియ రంధ్రంలోకి సగమే పోతుంది. స్టోరు అప్పటికే మూశారు. పొద్దున కొత్తది అడిగి వేద్దామనుకొని, వంగినదాన్ని అక్కడే గొలుసుకు వేలాడదీసి, రాడ్డు చేతిలో ఉంటే దాన్ని ముందు చక్రానికి ఆనించి కంపెనీ బస్సు ఎక్కాను. ఎందుకు అక్కడే ఆనించాను? రోజూ పెట్టే చోటు గనుక. చెయ్యి తనంతట తాను పెట్టింది, తలకు చెప్పలేదు.

మర్నాడు మా క్యాంపు నుంచి వచ్చే బస్సు దారిలో ఆగిపోయింది. నేను యార్డుకు చేరేసరికి వంటవాళ్లు గుండీలు ఎక్కిస్తున్నారు. ముందు చక్రం దగ్గర రాడ్డు ఉంది. అల్లుడు చూశాడన్నమాట, వంగిన పిన్ను కూడా అతని కంట పడే ఉంటుంది, కొత్తది వేసే ఉంటాడు అనుకున్నాను. ఆ రాడ్డు నిన్న సాయంత్రం నా చేత్తో నేనే పెట్టానన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. అల్లుడు అంతకు చాలా ముందే వచ్చాడు. వచ్చి అదే రాడ్డును చూశాడు. మామ చూశాడన్నమాట అనుకొని వేరే బండి దగ్గరికి పోయాడు.

గుండీలు ఎక్కించి వంటవాళ్లు తలుపులు మూశారు, గడియ వేశారు, పిన్ను దూర్చారు. ఎంత దూరిందో వాళ్లు చూడరు, అది వాళ్ల పని కాదు. నేను సీట్లో కూర్చొని ఇంజన్ వేశాను. ఎందుకైనా మంచిది, పిన్ను ఒకసారి కంటితో చూసుకుందామని దిగి వెనక్కు నడిచాను. తలుపుల దాకా పోయేలోపు అల్లుడు ఎదురొచ్చాడు. ముదీర్ కూడా అతని పక్కనే ఉన్నాడు, ఏదో మాట్లాడుకుంటూ వస్తున్నారు. అల్లుడు నన్ను చూసి ఆగాడు. ఇప్పుడు ముదీర్ కళ్ల ముందు, అల్లుడు చూసిన బండిని నేను మళ్లీ వంగి చూడాలా? నా కాళ్లు ఆగిపోయాయి. అతను ముదీర్ వైపు తిరగగానే జాకెట్టు వీపు నా కంట పడింది. శుభ్రంగా ఉంది. దుమ్ము లేదు, మరక లేదు. ఉతికింది వేసుకున్నాడేమోలే అనుకున్నాను.

మనిషి తనకు తాను ఎన్ని సాకులు చెప్పుకోగలడో ఆ ఒక్క క్షణంలో నేను నేర్చుకున్నాను. వెనక తలుపుల దాకా పోవడానికి ఇంకో నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేదు. తిరిగి వచ్చి ఎక్కాను.

"యల్లా, పోనియ్యి" అని అల్లుడు చెయ్యి ఊపాడు.

బనియాస్‌కు పోయే దారిలో ఒక రౌండబౌట్ ఉంది. దాన్ని తిరుగుతుండగా వెనక నుంచి పెద్ద చప్పుడైంది. ఒకటి కాదు, వరుసగా. అద్దంలో చూస్తే తలుపు గాలికి కొట్టుకుంటోంది. గుండీలు రోడ్డు మీద దొర్లుతున్నాయి. వెనక కారువాడు పక్కకు తిప్పి ఎట్లాగో తప్పించుకున్నాడు, వాడి పుణ్యం. బండి ఆపి దిగి వచ్చి చూస్తే తారు మీద తెల్లగా అన్నం. వేడి వేడి అన్నం, పొగలు వస్తూ. దాని మీద పప్పు పారుతోంది. కార్లు దాని మీది నుంచే పోతున్నాయి. మెతుకు కింద పడితే ఏరుకొని కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ని. చేతులతో తోసి కుప్ప చేయబోయాను. చేతులు కాలాయి. ఎవరి కోసం కుప్ప చేస్తున్నానో నాకే తెలియదు.

పోలీసులు వచ్చారు, ముల్కియా, అంటే బండి కాగితం, అడిగారు, రాసుకున్నారు. వాళ్లు నన్ను తిట్టను కూడా లేదు. ఎవరైనా తిడితే బాగుండునని నిలబడ్డాను. అల్లుడు పికప్‌లో వచ్చాడు. నా మొహం చూడలేదు, నేరుగా గడియ దగ్గరికి పోయాడు. గొలుసుకు వేలాడుతున్న వంగిన పిన్నును చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. తర్వాత దారిలో ఉన్న బేకరీలన్నీ తిరిగి ఖుబూస్ రొట్టెలు, పెరుగు డబ్బాలు, అరటిపళ్లు పికప్ నిండా వేసుకొని, నన్ను ఎక్కించుకొని క్యాంపుకు పోయాడు.

క్యాంపులో మనవాళ్లు పళ్లేలు పట్టుకొని నిలబడి ఉన్నారు. సంగతి మాకంటే ముందే అక్కడికి చేరింది.

"ఏంది కాకా, మా బువ్వంత రోడ్డుకు వెట్టినవట?" అన్నాడొకడు, నవ్వుతూనే.

వాడి పక్కవాడు నవ్వలేదు. "పొద్దటి సంది సిమెంటు మోసినం" అన్నాడు, అంతే. రొట్టె తీసుకొని పోయాడు. వాళ్లకు రొట్టెలు పంచుతూ ఒక్కరి కళ్లలోకీ చూడలేకపోయాను.

మర్నాడు ముదీర్ ఇద్దరినీ ఆఫీసులోకి పిలిచాడు. ఆయనకు అరబ్బీ, ఇంగ్లీషు వచ్చు. నాకు తెలుగు, విరిగిన హిందీ వచ్చు. మధ్యలో మాట దాటించేవాడు అల్లుడే. పొద్దంతా, రాత్రంతా నేను ఆ రాడ్డు సంగతి గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నాను. దాన్ని అక్కడ పెట్టింది ఎవరో నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

"ఈ బండిని నిన్న ఎవరు సూసిన్రని అడుగుతుండు" అన్నాడు అల్లుడు.

"సాబుకు జెప్పు" అన్నాను. "పిన్ను వంగగొట్టింది నేను. వంగిందని నాకు ఎరుకే. రాడ్డు నేనే వెట్టి పోయిన, అది సూసి ఫోర్మన్ బండి అయిపోయిందనుకున్నడు. పొద్దున ఎనుకకు పోయి గూడ సూడకుండ తిరిగొచ్చిన. ఆయినె తప్పు ఏం లేదు. గిదంత జెప్పు, ఒక్క ముక్క ఇడువకు."

అల్లుడు ముదీర్ వైపు తిరిగి మాట్లాడాడు. నేనంత చెబితే అతను చెప్పింది నాలుగే ముక్కలు. చెబుతూ చెయ్యి తన గుండె మీద పెట్టుకున్నాడు. ముదీర్ నా వైపు చూడనే లేదు. అల్లుని వైపే చూస్తూ కోపంగా ఏదో అన్నాడు, చివర "ఖలాస్" అన్నాడు. ఆ ఒక్క మాట నాకూ తెలుసు, అయిపోయిందని. అల్లుడు జాకెట్టు విప్పి మడిచి టేబుల్ మీద పెట్టాడు.

"ఏం జెప్పినవ్ నువ్వు?" అని బయటికి రాగానే చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి పట్టుకోవడం కూడా అదే మొదలు.

"జరిగింది జెప్పిన మామా. సూసుడు నా డ్యూటీ. నేను సూడలే."

"నా మాట జెప్పలే నువ్వు!" అని అరిచాను. యార్డులో అందరూ తిరిగి చూశారు. "మల్ల లోపటికి పోదాం నడువు. నేనే జెప్త. హిందీల జెప్త, సైగలతోని జెప్త."

"కొత్త డ్రైవర్‌దని తేలితే రేపు ఫ్లైట్ ఎక్కిస్తరు మామా. ఫోర్మన్‌దంటే జాకెట్ గుంజుకుంటరు, గంతే. ఊకో ఇగ." అతను నా చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. "నువ్వు ఊరికి గిట్ల పోతే నీ బిడ్డ మొఖం నేనెట్ల సూడాలె?"

నేను ఒంటరిగా లోపలికి పోయాను కూడా. హిందీలో, సైగలతో, నా గుండె మీద నేనే కొట్టుకుంటూ చెప్పాను. ముదీర్ ఓపికగా విన్నాడు. లేచి నా భుజం తట్టి, మంచినీళ్లు ఇప్పించి, బయటికి పంపాడు. మామ గనుక అల్లుణ్ని కాపాడటానికి వచ్చాడని అనుకున్నాడని వాకిట్లో ఉన్న ఆఫీసు పిల్లవాడు హిందీలో చెప్పాడు. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. నిజం చెబితే మర్యాద అంటారు, ఇక నేనేం చెయ్యాలి?

అల్లునికి నా పక్క బండే ఇచ్చారు. కొత్త ఫోర్మన్ వచ్చాడు, మలయాళీ, గట్టివాడు. పొద్దున మామా అల్లుళ్లం చెరొక అట్టముక్క పరుచుకొని చెరొక బండి కింద పడుకునేవాళ్లం. తల తిప్పితే చక్రాల సందులోంచి అతని మొహం కనబడేది. నన్ను చూసి నవ్వేవాడు. అతనికి ఏ బాధా లేనట్టే ఉండేది. నాకు మాత్రం ప్రతి నట్టు దగ్గరా గుర్తొచ్చేది. నా బండి చూసుకున్నాక నేను పోయి అతని బండి పిన్ను కూడా చూసేవాణ్ని, సిగ్గు విడిచి, అందరి ముందు. అతను చూసింది నేను మళ్లీ చూసినందుకు అతనేమీ చిన్నబోలేదు. ఒకనాడు తనే "మామా, నా ఎనుక టైరు గూడ ఒకసారి కొట్టి సూడరాదు" అని రాడ్డు అందించాడు. ఇంత సులువైన పనిని మొదటి రోజు చేసివుంటే అనుకుంటూ, ఆ రాడ్డుతో అతని టైరు కొట్టి చూశాను.

సెలవు మీద నేను ముందు ఇంటికి వచ్చాను. అల్లునికి ఇంకా సెలవు దొరకలేదు. బిడ్డ నన్ను చూడటానికి వచ్చింది. తనే వండి వడ్డించింది. పక్కింటావిడ గడప మీద కూర్చొని దుబాయ్ కబుర్లు అడుగుతోంది. నేను అన్నం కలుపుకుంటుంటే బిడ్డ నా ముందు కూర్చొని గొంతు తగ్గించింది.

"నాయినా, ఒక మాటంటా, కోపం జెయ్యకు."

"ఏంది బిడ్డా?"

"ఆయినె అన్ని జెప్పిండు. పిన్ను సూసుడు మర్శిపోయిండట. ఆయిన్ని నమ్మి నువ్వు బండి తీస్తే రోడ్డు మీద నీ ఇజ్జత్ తీసినట్టయిందట. పోన్ల ఏడ్సుడొక్కటే తక్కువ. సిగ్గుతోని మీ నాయిన మొఖం సూడబుద్ధి అయితలేదు అన్నడు. పోయిన ఫోర్మన్ పని ఎట్లనో పోయింది. నువ్వు ఆయిన్ని ఏమనకు నాయినా."

అతను పెళ్లానికి కూడా అట్లాగే చెప్పాడు. నేను కూర్చున్నచోటే మొత్తం చెప్పాను. పిన్ను ఎట్లా వంగిందో, రాడ్డు ఎవరు పెట్టారో, నేను నాలుగడుగులు వేయకుండా ఎట్లా తిరిగొచ్చానో, అతని వీపు శుభ్రంగా ఉండటం కళ్లారా చూసి కూడా ఎట్లా ఊరుకున్నానో. "నా వల్లనే ఆయినె ఫోర్మన్ పని పోయింది బిడ్డా. తప్పు ఆయినెది గాదు, నాది" అన్నాను.

బిడ్డ చివరిదాకా విన్నది. ఆమె మొహం మెల్లగా విప్పారింది. కోపం వస్తుందని చూశాను, రాలేదు.

"నువ్వు గిట్లనే అంటవని ఆయినె ముందే జెప్పిండు" అంది.

గడప మీది ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎంత మంచోనివయ్యా! అల్లుని మీద ఈగ వాలనియ్యవు" అంది.

"మా నాయిన ఎప్పుడు గంతే" అంది బిడ్డ గర్వంగా, గిన్నె వంచి నా పళ్లెంలో ఇంకాస్త అన్నం పెడుతూ. "తిను నాయినా, సల్లారిపోతది."

అన్నం వేడిగా ఉంది, పొగలు వస్తున్నాయి. తల ఎత్తకుండా తిన్నాను.